పోర్ట్‌ఫోలియో చూసే కంపెనీ, పట్టా చూసే వీసా

అమెరికాలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ యాప్‌లు, వెబ్‌సైట్లు వాడడానికి తేలిగ్గా ఉండేలా రూపొందించే సీనియర్ యూఎక్స్ డిజైనర్‌ను తీసుకునేటప్పుడు అభ్యర్థి ఏ కాలేజీలో ఏ డిగ్రీ చేశారన్నది దాదాపు చివరి ప్రశ్న. ముందు అడిగేది పోర్ట్‌ఫోలియో. నలుగురైదుగురి ఎదుట కూర్చుని రెండు మూడు ప్రాజెక్టులను విడమరిచి చెప్పాలి. అసలు సమస్య ఏమిటి, వాడకందారులను ఎలా పరిశీలించారు, ఏ ప్రత్యామ్నాయాలను ఎందుకు వదిలేశారు, స్క్రీన్ మారాక ఫలితం ఎంత మారింది అన్నవాటికి నిలబడే జవాబులుండాలి. ఆ పరీక్ష నెగ్గి ఆఫర్ లెటర్ చేతికొచ్చాక స్పాన్సర్‌షిప్ పని, అంటే కంపెనీ అభ్యర్థి తరఫున వీసాకు దరఖాస్తు చేసే పని, మొదలవుతుంది. అక్కడినుంచి పోర్ట్‌ఫోలియో బరువు అమాంతం తగ్గిపోతుంది. ఫైలు చూసే అధికారికి ముఖ్యమైనవి రెండే ప్రశ్నలు: ఈ ఉద్యోగానికి ఒక నిర్దిష్ట రంగంలో డిగ్రీ అవసరమా, ఆ డిగ్రీ ఈ అభ్యర్థికి ఉందా. ఈ రెండు తూకాలకు పొంతన లేకపోవడమే ఈ వృత్తిలోని వారి వీసా చిక్కుల్లో చాలావాటికి మూలం. అనుభవం పెరిగితే ఈ ఎడం తగ్గాలి. కొన్నిచోట్ల అది తగ్గకపోగా పెరుగుతుంది.

అమెరికా కంపెనీలు విదేశీ నిపుణులను తీసుకునే హెచ్‌-1బీ వీసాకు పునాది 1990 నాటి ఇమిగ్రేషన్ చట్టం. ఉన్నతమైన ప్రత్యేక పరిజ్ఞానాన్ని సిద్ధాంతపరంగానూ ఆచరణలోనూ వినియోగించవలసిన వృత్తి అయి ఉండాలని, అందులో ప్రవేశానికి కనీసం ఆ ప్రత్యేక రంగంలో బ్యాచిలర్ డిగ్రీ లేదా దానికి సమానమైన అర్హత ఉండాలని ఆ చట్టం చెబుతుంది. డాక్టరు, సివిల్ ఇంజినీరు, ఆర్కిటెక్టు వంటి వృత్తులను మనసులో పెట్టుకుని రాసిన నిర్వచనమని చూడగానే తెలుస్తుంది. యూఎక్స్ డిజైన్ అందులో తేలిగ్గా ఇమడదు. మనస్తత్వశాస్త్రం చదివినవారు, కంప్యూటర్ సైన్స్ చేసినవారు, ఫైన్ ఆర్ట్స్ నుంచి వచ్చినవారు, లైబ్రరీ సైన్స్‌లో పట్టా ఉన్నవారు ఒకే బృందంలో ఒకే పని చేస్తుంటారు. వృత్తికి బలం ఈ వైవిధ్యమే. వీసా దరఖాస్తులో మాత్రం అదే బలహీనతగా తేలుతుంది, ఎందుకంటే ఇన్ని దారుల్లో రాగలిగిన ఉద్యోగానికి నిర్దిష్టమైన డిగ్రీ అవసరమేమిటని అధికారి తేలిగ్గా అడగగలడు.

అమెరికా ప్రభుత్వ వృత్తుల పట్టిక ఈ పేచీని చాలాకాలం పెంచి పోషించింది. 2018లో సవరించిన పట్టికలో వెబ్, డిజిటల్ ఇంటర్‌ఫేస్ డిజైనర్లకు 15-1255 అనే ప్రత్యేక కోడ్ వచ్చింది. అంతకుముందు యూఎక్స్ ఉద్యోగాలను వెబ్ డెవలపర్ల కిందనో, గ్రాఫిక్ డిజైనర్ల కిందనో, కంప్యూటర్ వృత్తుల్లో ఇతరములు అన్న గంపగుత్త వర్గం కిందనో సర్దేవారు. కోడ్ వచ్చినంత మాత్రాన పని సులువు కాలేదు. కార్మిక శాఖ ప్రచురించే వృత్తుల హ్యాండ్‌బుక్, ఈ రంగంలోకి హైస్కూల్ చదువు మొదలు బ్యాచిలర్ డిగ్రీ దాకా రకరకాల అర్హతలతో వస్తారని చెబుతూ వచ్చింది. హ్యాండ్‌బుక్‌లోని ఇలాంటి ఒక్క వాక్యం దరఖాస్తును తిరగగొట్టడానికి ఎలా పనికొస్తుందో ప్రోగ్రామర్ల విషయంలో అందరూ చూశారు. కంప్యూటర్ ప్రోగ్రామర్లలో ఎక్కువమందికి డిగ్రీ ఉంటుందన్న మాట, డిగ్రీ సాధారణంగా అవసరం అన్నదానికి సాక్ష్యం కాదని ఇమిగ్రేషన్ శాఖ వాదించింది. ఆ వాదన సహేతుకం కాదని 2020 డిసెంబరులో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ఇన్నోవా సొల్యూషన్స్ కేసులో తేల్చింది. డిజైనర్లకు అంత సూటిగా అండనిచ్చే తీర్పు అది కాకపోయినా, హ్యాండ్‌బుక్ వాక్యాన్ని వేదవాక్కుగా పట్టుకుని కూర్చోకూడదన్న సూత్రం వారికీ వర్తిస్తుంది.

2025 జనవరి 17 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనలు కొంత స్పష్టతనిచ్చాయి. డిగ్రీకి, ఉద్యోగ బాధ్యతలకు నేరుగా సంబంధం ఉండాలని అవి చెబుతాయి. నేరుగా అంటే ఆ రెంటి మధ్య తర్కబద్ధమైన లంకె అని వివరణ కూడా ఇచ్చాయి. ఒకే ఉద్యోగానికి ఒకటికి మించిన విద్యారంగాలను అర్హతగా అంగీకరించవచ్చు, కానీ ఒక్కొక్కదానికీ బాధ్యతలతో ఉన్న లంకెను విడివిడిగా చూపాలి. సాధారణంగా అవసరం అంటే ప్రతిసారీ అవసరమని అర్థం కాదన్న మాటా అందులో ఉంది. డిజైనర్లకు ఇవి మేలు చేసే మాటలే. ఇదే నిబంధనల్లో ఇంకొక మెలిక ఉంది. కన్సల్టెన్సీ ద్వారా బ్యాంకులోనో బీమా కంపెనీలోనో కాంట్రాక్టు మీద పనిచేసేవారి విషయంలో కన్సల్టెన్సీ ఏ డిగ్రీ అడిగిందన్నది కాక, అసలు పని జరిగే క్లయింటు ఏ డిగ్రీ అడుగుతుందన్నదే లెక్కలోకి వస్తుంది. క్లయింటు మేనేజరు తన ఉద్యోగ ప్రకటనలో డిగ్రీ లేదా తత్సమాన అనుభవం అని అలవాటుగా రాసిన వాక్యం కన్సల్టెన్సీ వకీలు రాసిన పది పేజీల లేఖను నీరుగార్చగలదు. తెలుగువారిలో ఈ పద్ధతిలో పనిచేసేవారు తక్కువేమీ కాదు కాబట్టి ఈ మెలికను గుర్తుపెట్టుకోవడం అవసరం.

ఇక డిగ్రీల సంగతి. ఆంధ్ర, తెలంగాణల నుంచి యూఎక్స్ వైపు వచ్చినవారిలో డిజైన్ కళాశాలల కంటే ఇంజినీరింగ్ కళాశాలల నుంచి వచ్చినవారే ఎక్కువగా కనిపిస్తారు. కంప్యూటర్ సైన్స్‌లో బీటెక్ చేసినవారికి లంకె చూపడం అంత కష్టం కాదు, నాలుగేళ్ల డిగ్రీ కావడం అదనపు వెసులుబాటు. మెకానికల్‌లోనో సివిల్‌లోనో బీటెక్ చేసి, తర్వాత ఆన్‌లైన్ కోర్సులతో ఇటు మళ్లి, పదేళ్లలో సీనియర్ స్థాయికి ఎదిగినవారి పరిస్థితి వేరు. పని మీద వారికున్న పట్టును ఎవరూ శంకించరు, పట్టా మీది పేరుతోనే పేచీ. మూడేళ్ల బీకాం, బీఏ చదివినవారికి సమానత్వం చూపడానికి మూడేళ్ల ఉద్యోగానుభవాన్ని ఒక ఏడాది చదువుగా లెక్కించే నియమం ఉంది. మూడేళ్ల డిగ్రీని నాలుగేళ్లదిగా చూపాలంటే మూడేళ్ల అనుభవం చెల్లిపోతుంది. డిగ్రీ వేరే రంగానిదైతే ఆ రంగం మారిందని చూపడానికీ అనుభవాన్నే ఖర్చుపెట్టాలి. ఆ అనుభవాన్ని ప్రమాణపూర్వకంగా మదింపు చేసి లేఖ ఇవ్వగల నిపుణులు కావాలి, పాత కంపెనీల నుంచి బాధ్యతలను వివరించే పత్రాలు కావాలి. మూతపడిన స్టార్టప్‌లో నాలుగేళ్లు పనిచేసినవారు ఆ పత్రం కోసం ఎవరి తలుపు తట్టాలి?

విచిత్రంగా, డిజైన్‌లో దేశానికే తలమానికమైన చోట చదివినవారికీ ఈ తిప్పలు తప్పలేదు. అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ దశాబ్దాల పాటు ఇచ్చింది డిప్లొమాలే. 2014లో చేసిన ప్రత్యేక చట్టంతోనే దానికి జాతీయ ప్రాముఖ్య సంస్థ హోదా, డిగ్రీలిచ్చే అధికారం వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లోని ఎన్‌ఐడీకి ఆ హోదా 2019 సవరణ చట్టంతో దక్కింది. అందువల్ల పాత బ్యాచ్‌లకు చెందిన, నేడు సీనియర్, ప్రిన్సిపల్ స్థాయిలో ఉండాల్సిన డిజైనర్లు తమ నాలుగేళ్ల డిప్లొమా డిగ్రీతో సమానమని మదింపు పత్రాలతో రుజువు చేసుకోవలసి వస్తుంది. నిన్నమొన్న బీడెస్ (డిజైన్‌లో బ్యాచిలర్ డిగ్రీ) పూర్తిచేసిన జూనియర్లకు ఆ బెడద లేదు.

ఈ విషయంలో బ్రిటన్ పద్ధతి పూర్తిగా వేరు. అక్కడి స్కిల్డ్ వర్కర్ వీసా అభ్యర్థికి డిగ్రీ ఉందా అని చూడదు. ఉద్యోగం డిగ్రీ స్థాయి నైపుణ్యం కోరే జాబితాలో ఉందా, జీతం గీత దాటిందా, స్పాన్సర్‌కు లైసెన్సు ఉందా అని చూస్తుంది. 2025 జూలై 22 నుంచి ఆ సాధారణ జీతపు గీత ఏడాదికి 41,700 పౌండ్లు. ఆ వృత్తికి నిర్ణయించిన రేటు అంతకంటే ఎక్కువైతే దాన్నే అందుకోవాలి. డిగ్రీ లేకుండా పోర్ట్‌ఫోలియో బలంతో పైకొచ్చిన సీనియర్‌కు లండన్ తలుపు తెరుచుకుని శాన్‌ఫ్రాన్సిస్కో తలుపు మూసుకుపోవడానికి కారణం ఇదే. ప్రతిభను కొలిచే విషయంలో బ్రిటన్ జీతాన్ని నమ్ముకుంది, అమెరికా పట్టాను నమ్ముకుంది. ఈ మధ్య అమెరికా కూడా జీతం వైపు ఒక అడుగు వేసింది, ఆ సంగతి కింద వస్తుంది.

దరఖాస్తు నెగ్గడమా వీగడమా అన్నది చాలావరకు ఉద్యోగ బాధ్యతల వివరణ మీద ఆధారపడుతుంది. డిజైనర్లు తమ పనిని వర్ణించుకునే భాష ఇక్కడ పనికిరాదు. బృందంతో కలిసి చూడముచ్చటైన, సులభమైన స్క్రీన్లను రూపొందించడం అని రాస్తే, దానికి డిగ్రీ ఎందుకన్న ప్రశ్నతో అదనపు ఆధారాల నోటీసు, అంటే అందరూ ఆర్‌ఎఫ్‌ఈ అని పిలిచేది, రావడానికి వీలు ఎక్కువ. అదే పనిని మరోలా చెప్పవచ్చు. ఉదాహరణకు, ఆసుపత్రి నర్సులు మందుల మోతాదు నమోదు చేసే తెరపై పొరపాట్లు ఎక్కడ జరుగుతున్నాయో గుర్తించడానికి వాడుక పరీక్షలు రూపొందించడం, ఒక్కొక్క పనికి పట్టిన సమయాన్ని, తప్పుల రేటును గణాంక పద్ధతుల్లో విశ్లేషించడం, జ్ఞాపకశక్తి పరిమితులకు సంబంధించిన సూత్రాలను బట్టి సమాచార అమరికను మార్చడం, ఆ మార్పులను ఇంజినీర్లు అమలు చేయగలిగేలా నిర్దిష్ట లక్షణపత్రం రాయడం. ఒక్కొక్క బాధ్యతకు వారంలో ఎంత శాతం సమయం పోతుందో, దానికి కావలసిన జ్ఞానం ఏ కోర్సులో అబ్బుతుందో పక్కనే చూపుతారు. ఇందులో అబద్ధమేమీ లేదు, సీనియర్ డిజైనర్ చేసేది నిజంగా ఇదే. అయితే దీన్ని ఇలా రాయగలిగేది వకీలు ఒక్కరే కాదు. అభ్యర్థి తన పనిని తానే ఈ వివరాలతో వకీలుకు అందించకపోతే, కంపెనీ హెచ్‌ఆర్ విభాగం పంపిన అచ్చు వివరణే ఫైలులో కూర్చుంటుంది.

జీతం స్థాయి మరో కీలకం. ప్రతి దరఖాస్తుకు ముందు కార్మిక శాఖ వద్ద ఎల్‌సీఏ, అంటే జీతం, పని షరతులు తెలిపే పత్రం, దాఖలు చేయాలి. అందులో ఆ ప్రాంతంలో ఆ వృత్తికి నాలుగు జీతపు స్థాయిలుంటాయి. మొదటిది సుమారు 17వ పర్సంటైల్ దగ్గర, నాలుగోది సుమారు 67వ పర్సంటైల్ దగ్గర ఉంటుంది. హోదాలో సీనియర్ అని రాసి, బాధ్యతల్లో సంక్లిష్టమైన పని అని వాదించి, జీతం మాత్రం మొదటి స్థాయిలో చూపితే ఆ వైరుధ్యాన్ని అధికారి పట్టుకోక మానడు. ఇప్పుడు స్థాయికి మరో విలువ కూడా వచ్చింది. హెచ్‌-1బీలకు ఏడాదికి 65,000, అమెరికాలో మాస్టర్స్ చేసినవారికి అదనంగా 20,000 అన్న పరిమితి పాతదే. 2026 ఫిబ్రవరి 27 నుంచి అమలైన నిబంధనతో దరఖాస్తులు ఆ పరిమితిని మించినప్పుడు తీసే లాటరీలో పేర్లు సమానంగా పడవు. నాలుగో స్థాయి జీతం ఉన్నవారి పేరు నాలుగు సార్లు, మూడో స్థాయి వారిది మూడు, రెండో స్థాయి వారిది రెండు, మొదటి స్థాయి వారిది ఒక్కసారి లెక్కలోకి వస్తాయి. సీనియర్ డిజైనర్లకు ఇది కలిసొచ్చే మార్పు. కానీ స్థాయి అన్నది కోడ్‌ను, ఊరిని బట్టి మారుతుంది. ఒకే జీతం చిన్న నగరంలో మూడో స్థాయిలో, సిలికాన్ వ్యాలీలో మొదటి స్థాయిలో పడవచ్చు. ఆఫర్ మాట్లాడుకునేటప్పుడు పని ప్రదేశం, స్థాయి, కోడ్ ఏమిటో అడగడం జీతం ఎంత అని అడగడంతో సమానం.

2025 సెప్టెంబరు 19న అధ్యక్షుడు ట్రంప్ జారీ చేసిన ప్రకటన లెక్కలను మరోవైపు తిప్పింది. సెప్టెంబరు 21 నుంచి 12 నెలల కాలానికి, దేశం బయట ఉన్నవారి కోసం వేసే కొత్త హెచ్‌-1బీ దరఖాస్తుకు లక్ష డాలర్లు కట్టాలన్నది దాని సారాంశం. అమెరికాలోనే ఉండి విద్యార్థి హోదా నుంచి మారేవారికి ఇది వర్తించదని అక్టోబరు 20న ఇమిగ్రేషన్ శాఖ వివరించింది. ఫలితంగా హైదరాబాద్‌లో పన్నెండేళ్ల అనుభవంతో ఉన్న సీనియర్ కంటే, అమెరికాలో నిన్న మాస్టర్స్ పూర్తిచేసినవారు కంపెనీకి ఎంతో చవక అయ్యారు. డిజైన్ ఉద్యోగానికి లక్ష డాలర్లు అదనంగా పెట్టే కంపెనీలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని కూడా ఉంటాయా అన్నది అనుమానమే.

అక్కడ చదువుకునేవారిలోనూ అందరి పరిస్థితి ఒకటి కాదు. చదువు తర్వాత పని చేసుకునే ఓపీటీ గడువు 12 నెలలు. కోర్సు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో ఉంటే ఇంకో 24 నెలలు పొడిగిస్తారు. 2022 జనవరిలో ఆ జాబితాలో చేర్చిన 22 రంగాల్లో మానవ కేంద్రిత సాంకేతిక రూపకల్పన ఒకటి. ఒకే విశ్వవిద్యాలయంలో గ్రాఫిక్ డిజైన్‌లో ఎంఎఫ్‌ఏ చేసినవారికి, స్టెమ్ కోడ్ ఉన్న హ్యూమన్ కంప్యూటర్ ఇంటరాక్షన్‌లో ఎంఎస్ చేసినవారికి ఒకే కంపెనీలో ఒకే ఉద్యోగం దొరికినా, మొదటివారికి లాటరీ అవకాశం ఒకటో రెండో వస్తే రెండోవారికి మూడు దాకా రావచ్చు. తేడా అంతా విశ్వవిద్యాలయం ఇచ్చే ఐ-20 ప్రవేశ పత్రం మీద ముద్రించిన ఆరంకెల కోర్సు కోడ్‌లో ఉంది. కోర్సు ఎంచుకునేటప్పుడు కళాశాల పేరు చూసినంతగా ఆ కోడ్‌ను చూసేవారు అరుదు.

లాటరీ బెడద లేని దారులు కొన్ని ఉన్నాయి. విశ్వవిద్యాలయాలు, వాటికి అనుబంధంగా ఉన్న లాభాపేక్ష లేని సంస్థలు, లాభాపేక్ష లేని లేదా ప్రభుత్వ పరిశోధన సంస్థలు హెచ్‌-1బీ పరిమితి పరిధిలోకి రావు. వాటి గ్రంథాలయాల్లో, వైద్య కేంద్రాల్లో యూఎక్స్ ఉద్యోగాలుంటాయి, జీతాలు తక్కువ. అసాధారణ ప్రతిభ ఉన్నవారికిచ్చే ఓ-1 వీసాకు పరిమితి లేదు, డిగ్రీ నియమమూ లేదు. అవార్డులు, పోటీలకు న్యాయనిర్ణేతగా ఉండటం, తన పని గురించి పత్రికల్లో వ్యాసాలు రావడం, పేరున్న సంస్థలో కీలకపాత్ర వంటి ఆధారాలు కావాలి. ఇక్కడ డిజైనర్లకు ఎదురయ్యే అడ్డంకి వృత్తి స్వభావంలోనే ఉంది. కోట్లమంది వాడే తెరను రూపొందించినవారి పేరు ఎక్కడా అచ్చుకాదు, పైగా గోప్యతా ఒప్పందం నోరు కట్టేస్తుంది.

హైదరాబాద్‌లోని బహుళజాతి కంపెనీల కేంద్రాల్లో పనిచేసేవారికి అదే కంపెనీ అమెరికా శాఖకు బదిలీపై వెళ్లే ఎల్‌-1 వీసా అసలైన ప్రత్యామ్నాయం. గత మూడేళ్లలో కనీసం ఒక ఏడాది నిరంతరాయంగా అమెరికా బయటి శాఖలో పనిచేసి ఉండాలి. మేనేజర్లకు ఎల్‌-1ఏ ఏడేళ్ల దాకా, ప్రత్యేక పరిజ్ఞానం ఉన్నవారికి ఎల్‌-1బీ ఐదేళ్ల దాకా దొరుకుతాయి. సీనియర్ డిజైనర్ హోదాలో ఉన్నా కింద ఎవరూ పనిచేయకపోతే సాధారణంగా ఎల్‌-1బీ దారే మిగులుతుంది. అక్కడ ఫిగ్మా బాగా తెలుసన్నది వాదన కానే కాదు, అది ప్రపంచమంతా వాడే పరికరం. ఆ కంపెనీకే సొంతమైన డిజైన్ సిస్టమ్‌ను కట్టినవారు, లోపలి ఉత్పత్తి గుట్టుమట్లు ఏళ్ల తరబడి ఎరిగినవారు నిలబడగలరు.

వీసా వచ్చాక గ్రీన్‌కార్డ్ దశలో సీనియర్ అన్న మాటకు కొత్త చిక్కులు మొదలవుతాయి. కార్మిక శాఖ ధ్రువీకరణ కోసం సాగే పర్మ్ ప్రక్రియలో కంపెనీ ముందుగా స్థానిక అభ్యర్థుల కోసం ప్రకటనలు ఇవ్వాలి, వచ్చినవారిలో కనీస అర్హతలున్న అమెరికన్‌ను ఉద్యోగ సంబంధమైన కారణం లేకుండా కాదనకూడదు. పోర్ట్‌ఫోలియో నచ్చలేదన్నది అభిరుచికి సంబంధించిన మాటగా కనిపించే ప్రమాదం ఉంది కాబట్టి, నియామకంలో అన్నిటికంటే ముఖ్యమైన కొలమానమే ఇక్కడ రాతలో పెట్టడానికి కష్టమైనదవుతుంది. అదే కంపెనీలో జూనియర్‌గా చేరి సీనియర్ అయినవారికి మరో గండం ఉంది. స్పాన్సర్ చేస్తున్న కంపెనీలోనే సంపాదించిన అనుభవాన్ని, పాత హోదా పనికి కొత్త హోదా పనికి సగానికి మించి తేడా ఉంటే తప్ప, సాధారణంగా అర్హతగా చూపడానికి వీల్లేదు. మూడేళ్ల డిగ్రీని అనుభవంతో కలిపి హెచ్‌-1బీ తెచ్చుకున్నవారు అదే లెక్క ఈబీ-2 అనే ఉన్నత అర్హతల గ్రీన్‌కార్డ్ వర్గంలో చెల్లదని ఆలస్యంగా తెలుసుకుంటారు. అక్కడ బ్యాచిలర్ డిగ్రీ దానంతటదే పూర్తిస్థాయిదై ఉండి, ఆపై ఐదేళ్ల ప్రగతిశీల అనుభవం ఉండాలి.

ఉద్యోగం పోతే ఈ కట్టడం ఎంత బలహీనమో తెలుస్తుంది. 2017 నుంచి ఉన్న నియమం ప్రకారం కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికి దొరికే గ్రేస్ పీరియడ్ గరిష్ఠంగా 60 రోజులు. సీనియర్ డిజైన్ ఉద్యోగానికి రిక్రూటర్ మాట, పోర్ట్‌ఫోలియో ప్రదర్శన, అప్పటికప్పుడు ఇచ్చే డిజైన్ సమస్య, ప్రొడక్ట్ మేనేజరుతో ఒక విడత, ఇంజినీర్లతో ఒక విడత, చివరకు డైరెక్టరు, ఇలా వారాలు గడుస్తాయి. ఆపైన కొత్త కంపెనీ వకీలు ఎల్‌సీఏ వేయాలి, ఆ ధ్రువీకరణకు ఏడు పనిదినాలు. పోర్ట్‌ఫోలియోను తాజాగా ఉంచుకోవడం మిగతావారికి మంచి అలవాటైతే వీసా మీద ఉన్నవారికి గడువుతో కూడిన అవసరం. కంపెనీ ఆరునెలల్లో అదే ప్రాంతంలో అదే తరహా ఉద్యోగులను తీసేసి ఉంటే, పర్మ్ వేసేటప్పుడు వారికి కబురు పంపి పరిశీలించాలన్న నియమం కూడా ఉంది. 2023 లేఆఫ్‌ల తర్వాత కొన్ని పెద్ద కంపెనీలు పర్మ్ దరఖాస్తులను నిలిపివేయడానికి ఈ నియమం ఒక కారణం.

గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి ఉన్న ఏడు శాతం పరిమితి వల్ల భారతీయుల ఈబీ-2, దాని కింది ఈబీ-3 వర్గాల వరుసలు పదేళ్లకు పైగా వెనకబడి ఉన్నాయి. ఆ పదేళ్లలో వృత్తి ఉన్నచోట ఉండదు. ఇంటరాక్షన్ డిజైనర్‌గా పర్మ్ మొదలైనవారు నేడు ప్రొడక్ట్ డిజైనర్, రేపు డిజైన్ మేనేజరు, లేదా పూర్తిగా ప్రొడక్ట్ మేనేజ్‌మెంట్ వైపు మళ్లినవారు. చివరి దరఖాస్తు ఐ-485 వేసి 180 రోజులు దాటితే అదే లేదా అలాంటి వృత్తికి మారవచ్చు. అక్కడిదాకా రానివారు బాధ్యతలు గణనీయంగా మారినా, కంపెనీ మారినా పర్మ్‌ను మొదటినుంచి వేయాలి. కంపెనీ వేసే గ్రీన్‌కార్డ్ పిటిషన్ ఐ-140 ఒకసారి ఆమోదం పొందితే, మోసం వంటి కారణాలతో రద్దయితే తప్ప, పాత ప్రయారిటీ డేట్ (వరుసలో స్థానాన్ని నిర్ణయించే తేదీ) కొత్త దరఖాస్తుకు అతుక్కుంటుంది. ఆమోదం తర్వాత 180 రోజులు గడిస్తే పాత కంపెనీ వెనక్కి తీసుకున్నా ఆరేళ్ల గడువు దాటాక తీసుకునే హెచ్‌-1బీ పొడిగింపులకు అది ఆధారంగా నిలుస్తుంది. అందుకే ప్రమోషన్‌నో కొత్త ఆఫర్‌నో ఒప్పుకునే ముందు ఐ-140 ఆమోదం తేదీని, ఎల్‌సీఏలో ఉన్న కోడ్‌ను ఒకసారి సరిచూసుకోవడం, కొత్త హోదా ఏ కోడ్ కిందికి వస్తుందో వకీలును రాతపూర్వకంగా అడగడం అనుభవజ్ఞులైన డిజైనర్లు చేసే పని.